ఇంట్లో అందరి ఫోన్లూ నా నెత్తిమీదే! విసుక్కోకుండా బాగుచేసి పెట్టేదెలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్లుప్తంగా ఇదీ సంగతి: సెలవుకి ఇంటికి వెళ్తే చాలు, అమ్మ ఫోన్ నిండిపోయిందంటారు, నాన్న టీవీ రిమోట్ పట్టుకుని నిలబడతారు, వైఫై గుర్తు ఉంటుంది గానీ నెట్ ఉండదు, ప్రింటరేమో ఆఫ్‌లైన్ అంటుంది. అమ్మ ఒకే విషయం మూడోసారి అడిగేసరికి మీరు గట్టిగా అరిచారు. అప్పటినుంచి ఎప్పుడడిగినా "ఏం లేదులే, బాగానే ఉంది" అంటున్నారు. విసుగు రాకుండా ఏం చేయాలి, ఈ గోల తగ్గాలంటే ఏమేం సెట్ చేసి రావాలి అని మీరు అడుగుతున్నారు.

సెట్టింగులు చెబుతాను. కానీ మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది ప్రింటర్ కాదు, ఆ "ఏం లేదులే". దాని సంగతి చివర్లో చెబుతాను. అది మిగతావాటికన్నా ఖరీదైన సమస్య.

నేను ఇరవై రెండేళ్ళు ఒక ఆఫీసులో కంప్యూటర్ సపోర్ట్ డెస్క్‌లో పనిచేశాను. ప్లగ్ పెట్టకుండానే "మీ సిస్టమ్ పాడైంది" అని కేకలేసినవాళ్ళు ఉన్నారు. అయినా గొంతు పెంచిన గుర్తు లేదు. అంత ఓపికగల మనిషిని ఇంటికొచ్చి మా అత్తగారితో "ఎన్నిసార్లు చెప్పాలండీ!" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. ఫోన్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆఫీసులో ఉన్నది నా ఓపిక కాదని ఆ రోజు తెలిసింది. అక్కడ నేను కూర్చునేదే ఆ పని కోసం. ఫిర్యాదు ఒక కాగితం మీద వచ్చేది: ఏం చేయబోయారు, తెరమీద ఏం కనిపించింది, ఎప్పటినుంచి. ఇంట్లో అయితే నేను తడిచేతులతో ఉన్నప్పుడు "ఇది పనిచేయట్లేదు" అని ఒక ఫోన్ ముఖంమీదికి వస్తుంది. విసుగు రాక ఏం వస్తుంది?

కాబట్టి మొదట చేయాల్సింది మీ స్వభావం మార్చుకోవడం కాదు, ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చుకోవడం. మా ఇంట్లో ఫ్రిజ్ పక్కన ఒక పాత నోటుపుస్తకం వేలాడుతుంది. ఫోన్, టీవీ, వైఫై, ఏదైనా అందులో రాయాలి. ఆదివారం ఉదయం ఒక గంట దాని కోసమే కూర్చుంటాను. ఆ గంటలో ఎవరు ఏమడిగినా, ఎన్నోసారి అడిగినా చెబుతాను. మిగతా రోజుల్లో నిజంగా ఆగలేనివి తప్ప "పుస్తకంలో రాయండి" అంటాను. తమాషా ఏమిటంటే, రాసినవాటిలో మూడోవంతు ఆదివారం వచ్చేసరికి వాటంతటవే బాగుపడి ఉంటాయి. దూరంగా ఉండే మీకు పుస్తకం కుదరకపోతే, ఫలానా వేళ అని ఒక ఫోన్ కాల్ పెట్టుకోండి.

ఇంకొకటి, ఒక్క మాట మార్చండి. "ఏం చేశావు?" అని అడగకండి. మన భాషలో అది ప్రశ్న కాదు, నేరం మోపడం. చిన్నప్పుడు గాజుగ్లాసు పగిలినప్పుడు మనం విన్న మాటే అది. దానికి వచ్చే జవాబు కూడా అప్పటిదే: "నేనేం చేయలేదు, దానంతటదే." "ఏం కనిపించింది?" అని అడిగి చూడండి. సాక్షిని అడిగినట్టు ఉంటుంది, సాక్షిలాగే జవాబు వస్తుంది.

ఒకే విషయం మూడుసార్లు ఎందుకు అడుగుతారంటే, మీరు చెప్పింది వాళ్ళకి చేరలేదు గనుక. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ తన పీహెచ్‌డీ కోసం ఒక ప్రయోగం చేశారు. కొందరిని అందరికీ తెలిసిన పాటలు మనసులో అనుకుంటూ బల్లమీద వేలితో దరువు వేయమన్నారు. ఎదుటివాళ్ళు ఆ పాటేదో చెప్పాలి. దరువు వేసినవాళ్ళు సగానికి సగం గుర్తుపడతారని అంచనా వేశారు. 120 పాటల్లో గుర్తుపట్టినవి 3. దరువు వేసేవాడి చెవిలో పాట మొత్తం మోగుతూ ఉంటుంది, వినేవాడికి అందేది టక్ టక్ చప్పుడే. "సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, యాప్స్ నొక్కి, స్టోరేజ్‌లో క్యాష్ తీసేయ్" అని మీరు అన్నప్పుడు మీ అమ్మగారికి వినిపించేది కూడా అంతే. పైగా ఈ పాటకి వరసలు మారుతుంటాయి. మా అత్తగారు పుస్తకంలో "పైన కుడివైపు మూడు చుక్కలు" అని శ్రద్ధగా రాసుకున్నారు. తర్వాతి నెల ఒక అప్‌డేట్ వచ్చి ఆ చుక్కలు కిందికి దిగాయి. "నేను తప్పు రాసుకున్నానేమోనమ్మా" అన్నారావిడ. తప్పు ఎవరిదో మీకూ నాకూ తెలుసు.

అందుకని ఫోన్ వాళ్ళ చేతిలోంచి తీసుకోకండి. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. మన వేళ్ళు పది సెకన్లలో చేసేస్తాయి, వాళ్ళు చూస్తుండగా నాలుగు తెరలు మెరిసి మాయమవుతాయి, "అయిపోయింది" అని తిరిగిస్తాం. ఆ పది సెకన్లలో వాళ్ళు నేర్చుకునేది, ఈ పని తమవల్ల కాదని మాత్రమే. ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉండాలి, నొక్కేది వాళ్ళ వేలే అవ్వాలి. మీ చేతులు వెనక్కి కట్టుకుని కూర్చోండి. పదిహేను నిమిషాలు పడుతుంది. మొదటి రెండుసార్లు నరకం.

ఇక వాళ్ళు చెప్పేది నమ్మడం గురించి. పెద్దవాళ్ళ ఫిర్యాదులో కారణం తప్పుగా ఉండొచ్చు, చూసింది మాత్రం దాదాపు ఎప్పుడూ నిజమే. మా అత్తగారు చాలాకాలం "నేను ముట్టుకుంటే ఫోన్ ఏవేవో తెరుస్తుంది, నీకైతే తెరవదు" అనేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఒక ఆదివారం చేతులు కట్టుకుని ఆవిడ వేలినే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మీటను తాకట్లేదు, కాలింగ్‌బెల్ నొక్కినట్టు గట్టిగా అదిమి పట్టుకుంటున్నారు. ఫోన్‌కి తాకడం వేరు, నొక్కి పట్టుకోవడం వేరు. పట్టుకుంటే ఇంకో మెనూ తెరుచుకుంటుంది, ఐకాన్లు కదులుతాయి, పొరపాటున ఒకటి చెత్తబుట్టలో పడుతుంది. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో కూడా యాక్సెసిబిలిటీ అనే విభాగంలో ఈ నొక్కి పట్టుకునే సమయాన్ని పెంచే వీలుంది. పెంచాను. "దయ్యం వదిలింది" అన్నారు. ఇన్నేళ్ళ అనుభవం పెట్టుకుని నేను ఆ మెనూ వైపే చూడలేదు, ఎందుకంటే నా వేలికి ఆ అవసరం రాలేదు.

ఇలాంటివే మరికొన్ని. వయసు పెరిగేకొద్దీ వేలికొసలు పొడిబారతాయి. ఫోన్ తెర వేలిలోని విద్యుత్ వాహకత వల్లే స్పర్శను గుర్తిస్తుంది, వేలు మరీ పొడిగా ఉంటే గుర్తించదు. "ఎంత నొక్కినా పలకట్లేదు" అంటే అది అబద్ధం కాదు, వేలు కాస్త తడి చేసుకుంటే పలుకుతుంది. వేలిముద్రతో తెరుచుకోకపోతే అదే వేలిని రెండుసార్లు, వేర్వేరు కోణాల్లో నమోదు చేయండి. అక్షరాలు బాగా పెద్దవి చేసిపెడితే కొన్ని యాప్‌లలో "సరే" అనే మీట తెర కిందికి జారిపోయి కనిపించదు. అమ్మ "మీట లేదు" అంటే ఉందని వాదించకండి, ఆమె తెరమీద నిజంగానే లేదు. కాల్ మాట్లాడుతుండగా తెర నల్లగా అయిపోయి తిరిగి రాకపోతే, కొత్తగా అంటించిన స్క్రీన్ గార్డ్ పైభాగంలోని సెన్సర్‌ని కప్పేసిందేమో చూడండి. అవతలి మాట వినబడకపోతే, ఫోన్ బ్లూటూత్‌తో సొరుగులో పడి ఉన్న ఇయర్‌ఫోన్స్‌కి కలిసి ఉందేమో చూడండి. ఆ సొరుగు మాత్రం హాయిగా అంతా వింటూ ఉంటుంది.

మరొకటి చెప్పి తీరాలి. "వంటింట్లో ఓవెన్ తిరిగినప్పుడల్లా వీడియో కాల్లో మనవరాలి ముఖం ఆగిపోతోంది" అన్నారు అత్తగారు. మావారు పకపకా నవ్వారు. ఆయన ఇంజినీరు. అత్తగారు చెప్పింది అక్షరాలా నిజం. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, వైఫైలో పాత పట్టీ (బ్యాండ్) 2.4 గిగాహెర్ట్జ్. ఓవెన్ నుంచి కాస్త బయటికి వచ్చేది మనిషికి హాని చేసేంత కాదు గానీ, పక్కనే ఉన్న బలహీనమైన వైఫై సంకేతాన్ని చెదరగొట్టడానికి చాలు. ఆవిడ ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్ పట్టీకి మార్చాక ముఖం ఆగలేదు. మావారు ఆ రోజు మరేం మాట్లాడలేదు.

ఇప్పుడు మా నాన్నగారి సంగతి. ఉద్యోగ విరమణ అయిన రెండో ఏడు. "ఈమధ్య ఎవరూ ఫోన్ చేయట్లేదమ్మా" అన్నారొకసారి, ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు మామూలుగా. నేను ఓదార్చాను. అందరికీ వాళ్ళ వాళ్ళ పనులు ఉంటాయి, మీరే ఒకసారి చేయండి అన్నాను. ఆయన చేయలేదు. చేయాల్సింది వాళ్ళేనని పంతం. అయిదు వారాలు గడిచాయి. ఒకరోజు ఆయన పక్కన కూర్చుని ఉండగా మా తమ్ముడు "నాన్న ఫోన్ ఎత్తట్లేదేం?" అని నాకు మెసేజ్ పెట్టాడు. ఫోన్ ఆయన ఒళ్ళోనే ఉంది. మోగలేదు. తెర పైన వృత్తంలో చిన్న అడ్డగీత కనిపించింది. డు నాట్ డిస్టర్బ్. టార్చిలైటు కోసం పైనుంచి తెర లాగినప్పుడు పక్క మీట తగిలి ఉంటుంది. కాల్ జాబితా తెరిచి చూపిస్తే నలభైకి పైగా మిస్డ్ కాల్స్. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేరు పైకి చదివారు. ఆ సాయంత్రమంతా వరసగా ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ప్రతి ఒక్కరికీ మొదటి వాక్యం ఒకటే: "ఈ ఫోన్ నన్ను మోసం చేసిందిరా!"

నేను మాత్రం అయిదు వారాలపాటు ఒక మీట తీయాల్సిన చోట వేదాంతం చెప్పాను. అందుకే ఇప్పుడు ఇంట్లో ఎవరైనా దిగులుగా కనిపించినా ముందు ఫోన్ తెర పైభాగం చూస్తాను. మీరూ చూడండి: అడ్డగీతో, నెలవంకో, విమానం గుర్తో ఏదైనా ఉందా అని. ఆ డు నాట్ డిస్టర్బ్ సెట్టింగుల్లోనే, మళ్ళీ మళ్ళీ చేసేవారి కాల్ మోగనివ్వాలనే స్విచ్ ఒకటి ఉంటుంది. అదే నంబరు నుంచి ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు, ఐఫోన్‌లో 3 నిమిషాల్లోపు రెండో కాల్ వస్తే మోగుతుంది. దాన్ని ఆన్ చేసి ఉంచండి. ఇంట్లోవాళ్ళ నంబర్లు ఎప్పుడూ మోగేలా మినహాయింపులో పెట్టండి.

ఫోన్ నిండిపోవడం గురించి. దాదాపు ప్రతిసారీ చోటు దోచేది వాట్సాప్ గ్రూపులే. ఒకే వీడియో ఆరు గ్రూపుల్లో వచ్చి తనంతట తానే డౌన్‌లోడ్ అవుతుంది. వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజ్ అనే చోట ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. అక్కడే 5 ఎంబీ కన్నా పెద్దవి, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా కనిపిస్తాయి. ముందు ఆ రెండో కుప్పే తీసేయండి, ఎవరికీ బెంగ ఉండదు. మెయిల్ రావట్లేదని నాన్న అంటే ఫోటోలవైపు చూడండి. గూగుల్ ఖాతాలో ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ పంచుకుంటాయి. ఫోటోలకి లెక్కలేకుండా ఉచితంగా చోటివ్వడం 2021 జూన్ 1తో ఆగిపోయింది. చోటు నిండితే కొత్త మెయిళ్ళు లోపలికి రావు.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి ఒప్పుకోవాలి. మావారి ఫోన్ నిండిపోయిందంటే, "అన్నీ క్లౌడ్‌లో, అంటే నెట్‌లోని మన ఖాతాలో, ఉన్నాయి కదా" అనుకుని ఫోటోల యాప్‌లోకి వెళ్ళి పాతవి రెండు వేలకు పైగా ఎంచి తీసేశాను. గర్వంగా ఫోన్ తిరిగిచ్చాను. పందొమ్మిదో రోజున పాప తన చిన్నప్పటి వీడియో కావాలని అడిగింది, మొదటి అడుగులు వేసింది. ఫోన్లో లేదు. క్లౌడ్‌లోనూ లేదు. ఆ కొద్ది నిమిషాలు నా కడుపులో ఏం జరిగిందో చెప్పలేను.

ఆ యాప్ అద్దం లాంటిది. మీరు నుదుటి బొట్టు తుడుచుకుంటే అద్దంలో బొట్టు మిగలదు. యాప్‌లో తీసేస్తే ఫోన్‌లోనూ క్లౌడ్‌లోనూ ఒకేసారి పోతుంది. దాన్ని సింక్ అంటారు, బ్యాకప్ వేరు. నేను నొక్కాల్సింది, క్లౌడ్‌కి చేరినవాటిని ఫోన్‌లోంచి మాత్రమే తీసి చోటు ఖాళీ చేసే మీట. అది ఆ యాప్‌లోనే ఉంది, పేరు కూడా ఇంచుమించు అదే. నన్ను కాపాడింది చెత్తబుట్ట. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు అందులో ఉంటాయి, ఐఫోన్‌లో సాధారణంగా 30 రోజులు. అన్నీ వెనక్కి వచ్చాయి. మావారికి ఈ సంగతి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు, ఇది చదవరని నా ధైర్యం.

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే లెక్క ఉంది: మూడు కాపీలు, రెండు రకాల చోట్లలో, ఒకటి ఇంటి బయట. ఇంటికి సరిపడేలా చెప్పాలంటే ఫోన్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, ఒక హార్డ్‌డిస్క్‌లో ఒకటి. మీరు వేరే ఊళ్ళో ఉంటారు కాబట్టి ఆ డిస్క్ మీ దగ్గర ఉంచుకోండి. సెలవుకి వెళ్ళిన ప్రతిసారీ కొత్తవి నింపుకుని రండి. అరగంట పని.

వైఫై ఉండి నెట్ లేకపోవడం అంటే, గుర్తు చెప్పేది సగం నిజం. ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య దారి బాగుందని మాత్రమే దాని అర్థం. గుమ్మం దాకా వచ్చాం, వీధి సంగతి అది చెప్పదు. ముందు రౌటర్ కరెంటు తీసి, 30 సెకన్లు ఆగి పెట్టండి. వెంటనే పెడితే లోపలి కెపాసిటర్లలో మిగిలిన కాస్త విద్యుత్తుతో పాత తికమకే కొనసాగవచ్చు. వెనక పిన్నుతో నొక్కే చిన్న రంధ్రం జోలికి మాత్రం ఎవరినీ వెళ్ళనివ్వకండి, అది రీస్టార్ట్ కాదు, సెట్టింగులన్నీ తుడిచేస్తుంది. ఒక్క పరికరంలోనే నెట్ రాకపోతే, ముఖ్యంగా అది చాలారోజులు ఛార్జింగ్ లేకుండా పడి ఉన్న ట్యాబ్ అయితే, తేదీ చూడండి. ప్రతి సురక్షిత వెబ్‌సైటుకీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లే డిజిటల్ సర్టిఫికెట్ ఉంటుంది. ట్యాబ్ ఇంకా కొన్నేళ్ళ కిందటే ఉన్నాననుకుంటే ఆ సర్టిఫికెట్లు దానికి చెల్లవు, ఏ పేజీ తెరవనంటుంది. దూరపు గదికి 2.4 పట్టీ మేలు, గోడలు బాగా దాటుతుంది. దగ్గర గదికి 5, వేగం ఎక్కువ.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. రిమోట్ పనిచేస్తోందో లేదో తెలియాలంటే దాని ముందున్న బల్బుని ఫోన్ కెమెరా వైపు పెట్టి మీట నొక్కండి, పనిచేస్తుంటే తెరమీద ఊదారంగు వెలుగు మిణుకుమంటుంది. వెనక కెమెరాలో కనబడకపోతే ముందు కెమెరాతో చూడండి. బ్లూటూత్ రిమోట్లకి ఈ చిట్కా పనికిరాదు. టీవీ "నో సిగ్నల్" అంటే పది ఇళ్ళలో తొమ్మిదింట ఎవరో ఇన్‌పుట్ మార్చేసి ఉంటారు. ఫోన్ ఛార్జ్ ఎక్కకపోతే వైరు కొనేముందు ఫోన్ రంధ్రంలో జేబు నూగు పేరుకుందేమో చూసి, ఫోన్ ఆపేసి, చెక్కపుల్లతో మెల్లగా తీయండి. పిన్నీసు వద్దు. యూఎస్‌బీ ఎప్పుడూ మూడోసారికే ఎందుకు దూరుతుందంటారా? దాన్ని రూపొందించిన ఇంటెల్ బృందానికి నాయకుడు అజయ్ భట్. రెండువైపులా దూరేలా చేస్తే వైర్లూ సర్క్యూట్లూ రెట్టింపై ఖర్చు పెరిగేదని ఆయనే చెప్పారు. అంటే ఆ చిరాకు పొరపాటు కాదు, లెక్కవేసి మన నెత్తిన పెట్టిందే.

పాస్‌వర్డుల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు. పెద్దవాళ్ళు పాస్‌వర్డులు కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకుంటే నేను అభ్యంతరం చెప్పను. దూరదేశంలో కూర్చున్న దొంగ మీ బీరువా తెరవలేడు. అన్నిచోట్లా ఒకటే పాస్‌వర్డ్ పెట్టడంకన్నా ఆ కాగితం వెయ్యిరెట్లు నయం. మూడు నెలలకోసారి మార్చమని, అంకె, గుర్తు, పెద్దక్షరం ఉండాలని పీడించే నియమాలకి మూలం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ఇచ్చిన పత్రం. అది రాసిన బిల్ బర్, అందులో చాలావాటికి చింతిస్తున్నానని 2017లో ఒప్పుకున్నారు. ఆ ఏడాదే నిస్ట్ కూడా గడువు పెట్టి మార్పించడం వద్దని నియమం మార్చింది. పొడవుగా ఉండటం ముఖ్యం. మీ అమ్మగారికి నాలుగైదు సంబంధం లేని మాటలు కలిపి పెట్టమనండి, ఆమె నవ్వుకునేలా ఉంటే మరచిపోరు. పాత ఫోన్ పారేసేముందు మాత్రం పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో దశ కోడ్లు ఇచ్చే యాప్ కొత్తదాంట్లోకి వచ్చిందో లేదో చూసుకోండి. ఆ పొరపాటుతో మావారు తన మెయిల్ గుమ్మం బయట నాలుగు రోజులు నిలబడ్డారు.

ఇప్పుడు "ఏం లేదులే" దగ్గరికి వద్దాం.

ఆఫీసులో నేను చూసిన అతిపెద్ద నష్టాలు తెలియనివాళ్ళవల్ల జరగలేదు. తిడతారని చెప్పకుండా దాచినవాళ్ళవల్ల జరిగాయి. ఒక కుర్రాడు అనుమానాస్పదమైన మెయిల్‌లోని ఫైలు తెరిచాడు. తెరిచిన నిమిషంలోనే తప్పు తెలిసింది. అంతకుముందు వారం ఇంకెవరినో మా పై అధికారి అందరిముందూ కడిగేశాడు గనుక ఇతను నోరు మూసుకున్నాడు. చెప్పి ఉంటే ఒక కంప్యూటర్ వైరు పీకేసే వాళ్ళం. మర్నాడు పొద్దున్నకి ఆ అంతస్తంతా మూతపడింది.

మీ అమ్మగారికి ఏదో ఒకరోజు ఫోన్ వస్తుంది. బ్యాంకు నుంచి అంటారు, లేదా మీకే ఏదో అయిందంటారు. ఒక యాప్ పెట్టుకోమంటారు, తెర చూపించమంటారు, ఓటీపీ చదవమంటారు, ఎవరికీ చెప్పొద్దంటారు. ఇటువంటి మోసంలో మొదటి కొద్ది నిమిషాలే విలువైనవి. వెంటనే నెట్ ఆపేసి, కార్డు వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేసి ఖాతా ఆపిస్తే డబ్బు దక్కే వీలుంటుంది. ఆ నిమిషాల్లో ఆమె మనసులో మెదిలేది మీ నంబరా, మీ అరుపా? అరుపే అయితే "ఏం లేదులే" అంటారు. మీకు రెండు రోజుల తర్వాత తెలుస్తుంది.

మా ఇంట్లో నేను అత్తగారికి ఇచ్చిన మాట పుస్తకం అట్టమీద పెద్దక్షరాలతో రాసి ఉంది: "ఏం నొక్కినా సరే, ముందు చెప్పండి. తిట్టను." కింద నా సంతకం. పోయిన ఏడాది ఆవిడ రాత్రి పదకొండింటికి తలుపు కొట్టారు. ఎవరో తెర పంచుకునే యాప్ పెట్టించారట, ఓటీపీ అడిగేసరికి ఆ పుస్తకం గుర్తొచ్చి లేచి వచ్చారట. ఫోన్ చేతిలో వణుకుతోంది, అవతలివాడు ఇంకా లైన్లోనే ఉన్నాడు. ఫోన్ కట్ చేసి, ఆ యాప్ తీసేసి, బ్యాంకుకి ఫోన్ చేశాం. డబ్బు పోలేదు. తిట్టలేదు కూడా. తిట్టాలనిపించలేదని మాత్రం అబద్ధం చెప్పను.

అప్పుడు ఆవిడ "అంతా నా వల్లే, నా చేతిలో ఏ యంత్రమూ నిలవదు" అంటే, ఒక పాత సంగతి చెప్పాను. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లని పడగొట్టింది. "జ్ఞా"ని ఒక ప్రత్యేక రకంగా కూర్చిన మెసేజ్ వస్తే చాలు, దాన్ని చూపించలేక యాప్ కుప్పకూలేది. కొన్ని ఫోన్లయితే పదేపదే మొదట్నుంచీ మొదలయ్యేవి. అదే నెలలో ఐఓఎస్ 11.2.6 అని సవరణ ఇచ్చి సరిచేశారు. "జ్ఞానం అన్న మాటకే అవి తట్టుకోలేకపోయాయా!" అని ఆవిడ చాలాసేపు నవ్వారు. ఇప్పుడు ఫోన్ మొరాయించినప్పుడల్లా "దీనికి మళ్ళీ జ్ఞానం ఎక్కువైంది" అంటారు.

మీరు ఈరోజే అమ్మకి ఫోన్ చేయండి. క్షమాపణ పెద్దగా చెప్పక్కర్లేదు, ఆమెకి ఇబ్బందిగా ఉంటుంది. ఆ మూడోసారి అడిగిన విషయం మీరే ఎత్తి, "మొన్న నేను సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు చూద్దామా? నీకు తెరమీద ఏం కనిపిస్తోందో చదువు" అనండి. తర్వాత ఆమె చదువుతుంటే మధ్యలో అందుకోకండి.

ప్రింటర్ మరిచిపోయాను. ఆఫ్‌లైన్ అనడానికి మామూలు కారణం చిరునామా మారడం. రౌటర్ ప్రతి పరికరానికీ నెట్‌వర్క్‌లో ఒక చిరునామా కొంతకాలానికే ఇస్తుంది. ప్రింటర్‌ని వారాలపాటు ఆపి మళ్ళీ వేస్తే కొత్తది దొరకొచ్చు, కంప్యూటర్ పాత ఇంటి తలుపే కొడుతూ ఉంటుంది. రౌటర్ పేజీలో ప్రింటర్‌కి శాశ్వతంగా ఒక చిరునామా కేటాయించే ఏర్పాటు ఉంటుంది, దాన్ని చూడండి. ఇంకుజెట్ అయితే రెండు వారాలకొకసారి ఒక రంగుల పేజీ తీస్తుండమని నాన్నగారికి చెప్పండి, లేకపోతే ఇంకు ఎండి సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. అయినా పలకకపోతే దాని వెనక అంటించిన చీటీమీద మోడల్ నంబరు ఉంటుంది, అది ఇక్కడ రాయండి. ఆదివారం చూస్తాను.